ఎదురొచ్చిన బంగారం: ‘ద కైట్ రన్నర్’ మీద మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఖాలెద్ హుస్సేనీ నవల ‘ద కైట్ రన్నర్’ గురించి నాలుగు ముక్కలు రాసి, ఏమన్నా అడగాలంటే అడగండి అన్నాను. ఇన్ని ఉత్తరాలొస్తాయని మాత్రం అనుకోలేదు. సగం పరీక్షలున్న పిల్లలవి, మిగతా సగం నా వయసు వాళ్లవి, వాళ్లు పుస్తకం గురించి మొదలుపెట్టి మూడో లైనుకల్లా సొంత సంగతిలోకి దిగిపోయారు. ఆ పుస్తకం అలాంటిది మరి.

చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్పేస్తా. కాబూల్లో వజీర్ అక్బర్ ఖాన్ అని డబ్బున్నోళ్ల పేట. అక్కడ ఓ పష్తూన్ పెద్దింటి పిల్లాడు అమీర్, వాళ్లింట్లో పనిచేసే అలీ కొడుకు హసన్. పష్తూన్లది అక్కడ పైచెయ్యి, అలీ, హసన్ హజారాలు, అంటే అక్కడ చిన్నచూపు చూసే జాతి. ఇద్దరికీ పాలిచ్చింది ఒకే దాది, ఆడుకున్నది ఒకే పెరట్లో, కాకపోతే పొద్దున లేచాక ఒకడు బడికెళ్తాడు, ఇంకొకడు వాడికి టిఫిన్ పెట్టి వాడి బట్టలు ఇస్త్రీ చేస్తాడు. 1975 చలికాలం గాలిపటాల పోటీలో అమీర్ గెలుస్తాడు. ఆఖరున తెగిన నీలం గాలిపటాన్ని తెచ్చిపెడతానని హసన్ పరిగెడతాడు. సందులో అసెఫ్ అనేవాడు ఇద్దరు దోస్తుల్ని వెంటేసుకుని అడ్డం పడతాడు, గాలిపటం ఇవ్వనన్నందుకు ఆ పిల్లాడి మీద చెప్పుకోలేని అఘాయిత్యం చేస్తాడు. అమీర్ సందు మొదట్లో నక్కి చూసి, నోరు మెదపకుండా పారిపోతాడు. తర్వాత సోవియట్ సైన్యం రావడం, 1981లో అమీర్, వాళ్ల నాన్న దేశం వదిలి పాకిస్తాన్, అక్కణ్ణుంచి అమెరికా చేరడం, 2001లో తండ్రి పాత స్నేహితుడు రహీం ఖాన్ ఫోన్ చేసి మళ్లీ మంచివాడివయ్యే దారి ఒకటుందిరా రమ్మనడం, హసన్ కొడుకు సోహ్రాబ్ కోసం అమీర్ తాలిబన్ల కాబూల్లోకి వెళ్లడం, అక్కడ ఆ పిల్లాణ్ణి తన దగ్గర పెట్టుకున్న తాలిబన్ ఆ పాత అసెఫే అవడం. పుస్తకం 2003లో వచ్చింది, హుస్సేనీకి అదే మొదటి నవల, రాసేనాటికి ఆయన కాలిఫోర్నియాలో డాక్టరు.

ఇక ఉత్తరాలు.

మేడం, మాకు ఎంఏ ఇంగ్లీష్‌లో ఈ నవల ఉంది. గిల్ట్, బిట్రేయల్, రిడెంప్షన్ మీద పెద్ద ప్రశ్న గ్యారంటీ అంటున్నారు. గైడ్‌లో మూడు పేరాలే ఉన్నాయి. సందులోంచి పారిపోవడం ద్రోహం, ఇరవై ఆరేళ్లు లోపల్లోపల కుమిలిపోవడం అపరాధభావం, చివర్లో అసెఫ్ చేతిలో దెబ్బలు తినడం ప్రాయశ్చిత్తం అంట. బట్టీ పడితే మార్కులొస్తాయి కానీ నాకు ఏదో వెలితిగా ఉంది. నవల ఇంతేనా?
ఒక విద్యార్థిని, హనుమకొండ

ఇంతే కాదు తల్లీ, నీకు వెలితిగా అనిపించడమే మంచి గుర్తు. నేనైతే సందు దగ్గర మొదలుపెట్టను, వాచీ దగ్గర మొదలుపెడతాను.

అమీర్ పదమూడో పుట్టినరోజు గుర్తుందిగా, ఊరు ఊరంతా వచ్చిన పార్టీ. వాళ్ల నాన్న ఓ సైకిలూ, నీలం డయల్ మీద మెరుపుతీగల్లాంటి బంగారు ముళ్లున్న చేతివాచీ ఇచ్చాడు. అలీ, హసన్ కూడా ఏదో ఇచ్చారు, ఏమిచ్చారో చూడు, బొమ్మలున్న కొత్త షానామా పుస్తకం, పాత పారశీక రాజుల, వీరుల కథల కావ్యం, పనిచేసుకునేవాళ్లు డబ్బు ఎలా కూడబెట్టి కొన్నారో మరి. ఆ పుస్తకంలో కథలే దానిమ్మ చెట్టు కింద కూర్చుని అమీర్ చదువుతుంటే చదువురాని హసన్ వినేవాడు. పార్టీ అయ్యాక అమీర్ ఏం చేశాడూ, ఆ వాచీ, చదివింపుల డబ్బుల్లోంచి కొన్ని నోట్లు తీసుకెళ్లి హసన్ పరుపు కింద పెట్టి, వచ్చి వాళ్ల నాన్నకి దొంగతనం అని చెప్పాడు.

సందులో జరిగింది భయం. పన్నెండేళ్ల పిల్లాడు, ఎదురుగా ముగ్గురు, కాళ్లాడలేదు, సరే, నువ్వైనా నేనైనా అక్కడ ఏం చేసేవాళ్లమో గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేం. పరుపు కింద పెట్టింది మాత్రం భయం కాదు. వాళ్లు బయటికెళ్లేదాకా చూసి, గదిలోకి దూరి, పరుపు ఎత్తి, పెట్టి, సర్ది, బయటికొచ్చి, మొహం మామూలుగా పెట్టుకుని, అప్పుడు వెళ్లి చెప్పాలి. ఎన్ని మెట్లో చూడు, ఏ మెట్టు దగ్గరైనా ఆగొచ్చు, ఆగలేదు. గైడ్ దీన్ని అర లైనులో కొట్టేసి ఉంటుంది.

ఎందుకు చేశాడు? హసన్ మీద కోపమా, కాదు. ఆ రెండు సంఘటనల మధ్య ఏం జరిగిందో మళ్లీ చదువు. అమీర్ ఆటకి పిలవడు, ఎదురుపడితే తప్పుకుంటాడు, వేరే పనివాళ్లని పెట్టుకుందాం నాన్నా అని అడిగి చీవాట్లు తింటాడు, చివరికి కొండమీదకి తీసుకెళ్లి హసన్‌ని దానిమ్మపళ్లతో కొడతాడు, తిరిగి నన్ను కొట్టరా అని అరుస్తాడు. హసన్ ఒక పండు తీసుకుని తన నుదుటికేసి తనే పగలగొట్టుకుని, తృప్తిగా ఉందా అని అడిగి కొండ దిగి వెళ్లిపోతాడు. అంటే అమీర్‌కి శిక్ష కావాలి, దొరకట్లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడంటాం కదా, ఇక్కడ ఎవరూ అడగకుండానే తడుముకుంటున్నాడు, ఎదుట హసన్ కనపడినప్పుడల్లా తడుముకోవాల్సొస్తోంది. అందుకని ఆ మనిషినే ఇంట్లోంచి పంపేశాడు. తప్పు చేశానన్న బాధ మనిషిని మంచివాణ్ణి చేస్తుందని మనం అనుకుంటాం, ఈ నవల్లో మొదట అది ఇంకో తప్పు చేయించింది, అదీ మొదటిదానికన్నా పెద్దది. నీ జవాబుకి వెన్నెముక ఇది చాలు.

ఇంకో సంగతి. అమీర్ వాళ్ల నాన్న లెక్కలో పాపం ఒక్కటే, దొంగతనం. హత్య చేస్తే ప్రాణం దొంగిలించినట్టు, అబద్ధం చెప్తే నిజం తెలుసుకునే హక్కు దొంగిలించినట్టు, ఇదీ ఆయన వరస. సరిగ్గా అదే నేరం హసన్ మీద పడింది, నువ్వే తీశావా అంటే హసన్ అవునన్నాడు, చెయ్యని దొంగతనం ఒప్పుకున్నాడు, నిజం చెప్తే అమీర్ బయటపడతాడు కాబట్టి. అప్పుడు ఆ పెద్దాయన తన లెక్కలో క్షమించరాని పాపాన్ని ఒక్క క్షణం ఆగకుండా క్షమించేశాడు, అలీ ఇల్లొదిలి వెళ్లిపోతామంటే కన్నీళ్లు పెట్టుకున్నాడు. చదువుతున్నప్పుడు మనకి అర్థం కాదు. చాలా పేజీల తర్వాత రహీం ఖాన్ చెప్తాడు, హసన్ ఆయన కన్నకొడుకే అని. నిజం తెలుసుకునే హక్కు ఇద్దరు కొడుకుల దగ్గరా దొంగిలించినవాడు ఆయనే. ద్రోహం అమీర్‌తో మొదలవలేదు, వారసత్వంగా వచ్చింది. ఈ పాయింట్ తప్పకుండా రాయి.

ఇక ప్రాయశ్చిత్తం. అసెఫ్ వేళ్లకి తొడుక్కున్న ఇత్తడి పిడికట్టుతో కొడుతూ పక్కటెముకలు విరుగుతుంటే అమీర్ నవ్వుతాడు, 1975 తర్వాత మొదటిసారి మనసు నెమ్మదించింది అంటాడు, పై పెదవి చీలుతుంది, పుట్టుకతో హసన్‌కి ఉన్న చీలిక లాగే. ఎగ్జామినర్‌కి ఇది చాలా ఇష్టమైన చోటు, రాయి, మార్కులేస్తారు. కానీ అక్కడ ఆగకు. ఆ గదిలోంచి అమీర్‌ని కాపాడిందెవరు? పిల్లాడు సోహ్రాబ్, వడిసెలతో అసెఫ్ ఎడమ కన్ను కొట్టి. చిన్నప్పుడు హసన్ అదే అసెఫ్ ఎడమ కంటికి వడిసెల గురిపెట్టి అమీర్‌ని కాపాడాడు. అంటే కాపాడ్డానికి వెళ్లినవాణ్ణి మళ్లీ ఆ ఇంటివాళ్లే కాపాడారు.

ఆ తర్వాత ఇస్లామాబాద్ హోటల్లో ఏమైంది, అది గైడ్‌లో ఉందో లేదో చూడు. నిన్ను అనాథాశ్రమంలో వెయ్యనని సోహ్రాబ్‌కి మాటిచ్చాడు అమీర్. దత్తత కాగితాల చిక్కు వచ్చేసరికి కొన్నాళ్లు అక్కడే ఉండాల్సొస్తుందేమో అన్నాడు. పిల్లాడు స్నానాలగదిలోకి వెళ్లి మణికట్టు కోసుకున్నాడు. ప్రాయశ్చిత్తం పూర్తయిపోయింది అని గైడ్ గంట కొట్టేసిన తర్వాత జరిగిన మాట తప్పడం ఇది. దాన్ని వదిలేసిన ఏ జవాబైనా సగం జవాబే.

చివరగా ఒక ప్రశ్న, నువ్వు వేసుకో, ఎగ్జామినర్‌కి కూడా వెయ్యి. పెషావర్లో రహీం ఖాన్ మొదట అడిగినప్పుడు అమీర్ వెళ్లనన్నాడు, నాకు భార్య ఉంది, ఇల్లుంది, డబ్బిస్తాను వేరేవాళ్లని పంపించు అన్నాడు. హసన్ నీ తమ్ముడే అని తెలిశాకే కదిలాడు. మరి సోహ్రాబ్ ఉత్త పనివాడి మనవడే అయ్యుంటే? నాకు ఈ మలుపు మొదటినుంచీ మింగుడుపడలేదు, రక్తం కలిసిందని తేల్చి రచయిత పెద్ద ప్రశ్న నుంచి సులువుగా తప్పించుకున్నాడనిపిస్తుంది. సందులో నిలబడ్డ అమీర్ తనకి తాను చెప్పుకున్న సమాధానం వాడు హజారానే కదా అని. ఆ మాటకి జవాబు వాడు నా తమ్ముడు అనేది కాకూడదు, హజారా అయితే ఏంటి అనేది కావాలి. కొంచెం న్యాయంగా చెప్పాలంటే చివర్లో మామగారు హజారా పిల్లాడు అన్నప్పుడు, వాడికి పేరుంది, సోహ్రాబ్, నా ముందు ఇంకోసారి అలా అనకండి అని అమీర్ భోజనాల దగ్గర అందరి ముందూ అంటాడు. అది కొంత దారి.

మీరు సోహ్రాబ్ అని రాయగానే నాకు జాషువా గారి ‘ఫిరదౌసి’ గుర్తొచ్చిందమ్మా. పద్యాలు పిల్లలచేత అప్పజెప్పించినవాణ్ణి. ఆ ఫిరదౌసికీ ఈ నవలకీ ఏమన్నా సంబంధం ఉందా?
విశ్రాంత తెలుగు పండితుడు, నరసరావుపేట

ఉంది మాస్టారూ, మీరు పట్టుకున్నది అసలు తీగ. ఇంగ్లీష్ చదివినవాళ్లెవరూ నాకు ఈ మాట అడగలేదు.

అమీర్ హసన్‌కి చదివి వినిపించే షానామా ఫిరదౌసిదే. హసన్‌కి అందులో అన్నిటికన్నా ఇష్టం రుస్తుం, సోహ్రాబ్ కథ, తండ్రి తెలియక యుద్ధంలో కొడుకుని చంపుకుంటాడు, చంపాక తెలుస్తుంది. అందుకే తన కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నాడు. కొడుకుని కొడుకని చెప్పుకోలేని తండ్రి ఇంట్లో, ఆ కొడుకుకే ఆ కథ ఇష్టమవడం, రచయిత ఎంత నిబ్బరంగా పెట్టాడో చూడండి, ఎక్కడా వేలు పెట్టి చూపించడు.

మీకు తెలియంది కాదు, పక్కన చదివేవాళ్ల కోసం చెప్తున్నా, గజనీ మహమూదు పద్యానికో బంగారు నాణెం ఇస్తానని ఆశపెట్టి ఫిరదౌసి చేత షానామా రాయించుకుని, తీరా వెండి నాణేలు పంపాడని, కవి వాటిని తిప్పికొట్టి వెళ్లిపోయాడని కథ. జాషువా గారు 1932లో దాన్ని ఖండకావ్యం చేశారు, మాట తప్పిన ప్రభువు ముందు కవి కడుపుమంట ఎలా ఉంటుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. గజనీ కూడా ఈనాటి అఫ్గానిస్తాన్‌లోదే. ఆ కథ చివరేమిటీ, సుల్తాన్‌కి ఎప్పటికో బుద్ధొచ్చి బంగారం పంపిస్తాడు, అది ఊళ్లోకి వచ్చే వేళకి కవి పాడె ఊరు దాటుతుంటుంది, కూతురేమో ఆ బంగారం నాకొద్దు పొమ్మంటుంది.

నాకు అమీర్ కాబూల్ ప్రయాణం అచ్చంగా ఆ బంగారం లాగే కనపడుతుంది మాస్టారూ. హసన్ అప్పటికే లేడు, అమీర్ వాళ్ల ఇంటిని చూసుకోడానికి తిరిగొచ్చి ఉంటుంటే, ఖాళీ చెయ్యనన్నందుకు తాలిబన్లు నడివీధిలో కాల్చేశారు, అడ్డం వెళ్లిన భార్యని కూడా. అమీర్‌కని రాసిపెట్టిన ఉత్తరం ఒకటి మిగిలింది, పెద్దయ్యాక నేర్చుకున్న చదువుతో రాసింది. తేడా ఒక్కటే, ఫిరదౌసి కూతురికి వద్దనగల వయసుంది, సోహ్రాబ్‌కి లేదు. వాడు వద్దనలేదు, కావాలనీ అనలేదు, దాదాపు ఏడాది నోరే విప్పలేదు. చివరి పేజీల్లో కాలిఫోర్నియా పార్కులో ఇద్దరూ కలిసి గాలిపటం ఎగరేసి ఇంకొకదాన్ని కోశాక పెదవి ఒక పక్కకి వంపు తిరిగిన చిన్న నవ్వు, అంతే. దీంతో అన్నీ సర్దుకోలేదని అమీర్ తనే అంటాడు. నాకు నవల్లో అన్నిటికన్నా నిజాయితీగా అనిపించిన వాక్యం అది.

కైట్ రన్నర్ అంటే గాలిపటం ఎగరేసేవాడేనా? పేరు ఎందుకలా?
ఒక పాఠకుడు, తణుకు

కాదండీ, తెగిన గాలిపటం వెనకాల పరిగెత్తి పట్టుకొచ్చేవాడు. సంక్రాంతికి హైదరాబాద్ పాతబస్తీకో ధూల్‌పేటకో వస్తే ఈ మాటకి అర్థం డిక్షనరీ లేకుండా తెలుస్తుంది, పేచీ పడి ఒక పతంగి తెగగానే మిద్దెల మీద కేకలు, కింద గల్లీలో కర్రలు పట్టుకుని తలలు పైకెత్తి కార్లూ బైకులూ చూసుకోకుండా ఉరికే పిల్లలు. ఎగరేసేవాడికి పేరు, పరిగెత్తేవాడికి మోకాళ్ల మీద దోకుళ్లు. కాబూల్ పోటీల్లో ఆఖరున తెగిన గాలిపటం దొరకడం అంటే ట్రోఫీ దొరికినట్టే. హసన్ పైకి చూడకుండా, అది ఎక్కడ పడుతుందో ముందే తెలిసినట్టు వెళ్లి కూర్చుంటాడు. పేరు ఎందుకలా అంటే, మొదటి సగంలో పరిగెత్తేవాడు హసన్, చివరి పేజీలో సోహ్రాబ్ కోసం పరిగెత్తేది అమీర్. తాలిబన్లు తొంభైల్లో గాలిపటాల్ని నిషేధించారన్న వార్త చూశాకే హుస్సేనీకి ఈ కథ మెదిలిందట, మొదట చిన్న కథగా రాసి తర్వాత నవల చేశాడు.

నాకు హసన్ మీద నమ్మకం కుదర్లేదు. కొట్టినా నవ్వుతాడు, దొంగ అన్నా ఒప్పుకుంటాడు, చివరికి వాళ్ల ఇంటి కోసమే చచ్చిపోతాడు. పనివాళ్లు ఇంత మంచిగా ఉండాలని ఓనర్లు కనే కల లాగా ఉంది. మీరేమంటారు?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

మీతో ముప్పావు వంతు ఒప్పుకుంటా. నిజమే, హసన్ ఒక్కసారైనా గట్టిగా తిట్టి ఉంటే నాకూ ఊపిరాడేది. కథ చెప్పేది అమీర్, తప్పు చేసినవాడి జ్ఞాపకంలో బాధితుడు ఎప్పుడూ కడిగిన ముత్యమే, అలా గుర్తుపెట్టుకోవడంలో కూడా ఒక సుఖం ఉంది. హసన్ గొంతు మనకి నేరుగా వినపడేది దాదాపు ఆ ఒక్క ఉత్తరంలోనే, అదీ పోయాక.

మిగతా పావు వంతు ఎందుకు ఒప్పుకోనంటే, హసన్ తెలివితక్కువవాడు కాదు. అమీర్ మొదటిసారి సొంతంగా కథ రాసి చదివి వినిపిస్తాడు చూడండి, ఒకడికి మాయ గిన్నె దొరుకుతుంది, అందులో కన్నీళ్లు పడితే ముత్యాలవుతాయి, డబ్బాశతో ఏడవడానికి కారణాలు వెతుక్కుని చివరికి పెళ్లాన్నే చంపుకుంటాడు. హసన్ అంతా విని చాలా బాగుంది అని మెచ్చుకుని, మెల్లగా ఒక్కటి అడుగుతాడు, ఏడవాలంటే ఉల్లిపాయ వాసన చూస్తే సరిపోయేది కదా అని. బడికెళ్లిన అమీర్‌కి ఆ మాట తట్టనే లేదు. ఆ కోపంలో అమీర్ మనసులో అనుకున్నది కూడా కులం మాటే, చదువురాని హజారా నువ్వు నాకు చెప్పేదేంటి అని. ఇంకోసారి హసన్ ఒక పదానికి అర్థం అడిగితే, వెర్రివాడు అని అర్థం వచ్చే పదాన్ని తెలివైనవాడు అని చెప్పి లోపల నవ్వుకుంటాడు. ఈ చిన్న చిన్న వెధవ పనులు నాకు సందు సీన్ కన్నా ఎక్కువ గుచ్చుకుంటాయి, ఎందుకంటే ఇవి మనింట్లో మనం చేసినవే.

హజారాలంటే అక్కడ ఎక్కువమంది షియాలు, మొహం కవళికలతోనే గుర్తుపడతారు, 1890ల్లో అబ్దుర్ రహ్మాన్ ఖాన్ రాజ్యంలో వాళ్ల తిరుగుబాట్లని రక్తంలో ముంచారు, భూములు పోయాయి, తర్వాత తరాలు కాబూల్లో కూలికీ ఇంటిపనికీ చేరాయి. 1998లో ఉత్తర అఫ్గానిస్తాన్‌లోని మజారె షరీఫ్‌లో తాలిబన్లు మళ్లీ ఊచకోత కోశారు. హుస్సేనీ చిన్నప్పుడు ఇరాన్‌లో ఉండగా వాళ్లింట్లో ఒక హజారా వంటమనిషి ఉండేవాడట, మూడో తరగతి పిల్లాడు ఆయనకి చదవడం రాయడం నేర్పాడట, హసన్‌కి మూలం కొంత అక్కడుంది. మనకి ఇది అర్థం కావడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు లెండి. ఆదిపర్వంలో ద్రుపదుడు చిన్ననాటి స్నేహితుడు ద్రోణుణ్ణి సభలో నిలబెట్టి, ధనవంతుడికీ దరిద్రుడికీ స్నేహమేంటయ్యా అని పంపేస్తాడు, నన్నయ దానికి మంచి పద్యం కూడా కట్టాడు. ద్రోణుడు పగ పెట్టుకోగలిగాడు, చేతిలో విద్య ఉంది, వెనక శిష్యులున్నారు. హసన్‌కి ఏముంది? మంచితనం ఒక్కోసారి గుణం కాదండీ, వేరే దారి లేకపోవడం.

మా బాబు తొమ్మిదో తరగతి, ఇంగ్లీష్ నవలలు బాగా చదువుతాడు. ఇది ఇవ్వొచ్చా?
ఒక అమ్మ, కూకట్‌పల్లి

ఇంకో రెండు మూడేళ్లు ఆగండమ్మా. ఇచ్చేముందు మీరు చదవండి. పిల్లాడి మీద జరిగిన అఘాయిత్యం, రాళ్లతో కొట్టి చంపడం, ఆత్మహత్యాయత్నం, ఇన్ని ఉన్నాయి. అమెరికాలో స్కూళ్లలో, లైబ్రరీల్లో అభ్యంతరాలు ఎక్కువొచ్చిన పుస్తకాల లిస్టులో 2017లో ఇది నాలుగోది. 2007లో సినిమా తీసినప్పుడు అందులో నటించిన కాబూల్ పిల్లలకి ప్రమాదమని విడుదల వెనక్కి జరిపి, ముందు వాళ్లని ఎమిరేట్స్ పంపించేశారు. నిషేధించమని నేనను, ఇంటర్ పిల్లలు చదవాల్సిందే, కాకపోతే ఒంటరిగా చదివి మంచం మీద పడుకుని ఆలోచించే పుస్తకం కాదు, చదివాక పక్కన ఎవరో ఒకరు మాట్లాడాలి.

నాకు యాభై నాలుగు. మీ పేజీ చూసి పుస్తకం కొని చదివా, చదివాక మూడు రోజులు నిద్రలేదు. ఎనిమిదో తరగతిలో క్లాస్ లీడర్ దగ్గర ఫీజు డబ్బులు ఇరవై రూపాయలు నేను తీశా, సినిమాకి. అనుమానం నా పక్క బెంచీ వాడి మీద పడింది, మా ఊరి చాకలి వాళ్ల అబ్బాయి, నాతోపాటే బడికొచ్చేవాడు. వాడు తియ్యలేదని ఎంత ఏడ్చినా హెడ్మాస్టరు నమ్మలేదు, అసెంబ్లీలో నిలబెట్టి కొట్టాడు. నేను ముందు వరసలోనే ఉన్నా. తర్వాత వాడు బడికి రాలేదు. ఇప్పుడు ఊళ్లో బస్టాండ్ దగ్గర ఇస్త్రీ కొట్టు ఉంది వాడికి, ఎప్పుడెళ్లినా ఏరా బాగున్నావా అంటాడు. వాడికి తెలుసో తెలీదో నాకు తెలీదు. ఇప్పుడు చెప్పాలా? వాళ్లబ్బాయి చదువుకి ఏమన్నా సాయం చేస్తే సరిపోతుందా?
ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివానండీ. ముందు నా సంగతి ఒకటి చెప్తా, నేనేదో గద్దె మీద కూర్చుని చెప్తున్నట్టు ఉండకూడదు. మా అమ్మమ్మగారింట్లో పాలేరు కూతురు, నా ఈడుదే, సెలవులంతా దానితోనే ఆట. అటక మీద డబ్బాలో సున్నుండలు నేను తిన్నా, అమ్మమ్మ అడిగినప్పుడు ఏమీ అనలేదు, అమ్మమ్మ దాని వంక చూసింది, నేను నేల చూశా. ఎవరూ తిట్టలేదు కొట్టలేదు. ఆ రోజునుంచి దానికి అన్నం వంటింట్లో పెట్టడం మానేసి వసారాలో పెట్టారు, అంతే మార్పు. అది వసారాలో విస్తరి ముందు కూర్చుని నా వంక చూసిన చూపు ఉంది చూశారూ, నలభై ఏళ్లు దాటింది. నేను చెబుదామని వెళ్లేసరికి ఆ స్నేహితురాలు లేదు. అందుకని మీకు ఊళ్లో కొట్టు ఉండటం, ఆ మనిషి అందులో ఉండటం ఎంత అదృష్టమో నాకు తెలుసు.

సాయం చేస్తే సరిపోతుందా అన్నారు. చెప్పకుండా చేసే సాయం వద్దు. అమీర్ రెండుసార్లు పరుపు కింద డబ్బు పెడతాడు, మొదటిది హసన్‌ని దొంగని చెయ్యడానికి, రెండోది పాతికేళ్ల తర్వాత కాబూల్ దారిలో ఒక పేదింట్లో పిల్లలకి తిండి లేదని తెలిసి ఎవరూ చూడకుండా. రెండోది మంచిపనే, ఆ ఇంటివాళ్లకి అమీర్ అపకారం ఏమీ చెయ్యలేదు కాబట్టి. మీరు ఇస్త్రీ కొట్టు ఆయనకి చెప్పకుండా డబ్బిస్తే అది మీ నిద్ర కోసం మీరు కొనుక్కునే మందు అవుతుంది, పైగా ఆయన మీకు థాంక్స్ చెప్పాల్సి వస్తుంది, ఆ థాంక్స్ మీరు మొయ్యలేరు.

చెప్పండి. అయితే చెప్పేటప్పుడు రెండు సంగతులు. ఒకటి, నాకు నిద్రపట్టట్లేదు, ఆ పుస్తకం చదివా, ఇంత బాధపడ్డా అని మీ బాధతో మొదలుపెట్టకండి, అప్పుడాయన మిమ్మల్ని ఓదార్చాలి. ఆ ఇరవై రూపాయలు తీసింది నేను, నువ్వు కాదు, నిన్ను కొడుతుంటే నేను ముందు వరసలో ఉన్నా. ఈ మూడు ముక్కలు చాలు. ఆయనకి కోపమొస్తే రానివ్వండి, నాకెప్పుడో తెలుసురా అంటే వినండి, ఏమీ అనకుండా ఇస్త్రీ పెట్టె తీసుకుని పనిలో పడిపోతే అక్కడే నిలబడి క్షమించావా అని అడక్కండి.

రెండోది, ఆయన పేరు పోయింది అసెంబ్లీలో, అందరి ముందు. మీ ఇద్దరి మధ్య గుసగుసగా చెప్పుకుంటే ఆ పేరు తిరిగిరాదు. మీ బ్యాచ్‌కి వాట్సాప్ గ్రూప్ ఉండే ఉంటుంది, ఇప్పుడు లేని బ్యాచ్ లేదు. ఆయన అందులో ఉన్నాడా? ఉండడు, ఎనిమిదిలోనే బడి మానేశాడు కదా, పదో తరగతి బ్యాచ్ అని ఎవరూ కలిపి ఉండరు. ఆయన్ని అడిగి, ఆయన సరేనంటేనే, అందులో జరిగింది జరిగినట్టు మీ పేరుతో రాయండి. వద్దంటే వద్దు, అది ఆయనిష్టం. అమీర్ చివరికి నిజం మొత్తం చెప్పింది పాకిస్తాన్ నుంచి ఫోన్లో భార్యకి. చెప్పాల్సినవాడు అప్పటికి మట్టిలో ఉన్నాడు.

వాళ్లబ్బాయి చదువు సంగతి ఆ తర్వాత, ఎప్పుడో, ఆయన ఆ మాటెత్తితే చూద్దాం.

ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి, సోమవారం ఆఫీసులకీ స్కూళ్లకీ అందరి బట్టలూ ఆ పూటే వచ్చిపడతాయి, తల ఎత్తడానికి తీరిక ఉండదు. ఏ మంగళవారమో మధ్యాహ్నం రెండు గంటలప్పుడు వెళ్లండి, బస్టాండ్ ఖాళీగా ఉంటుంది.